కొత్త ఫ్లాట్‌కి మారాక పాప ఎగ్జిమా ఎక్కువైంది: ప్లైవుడ్డా, బోరు నీళ్లా, ఇంకేమైనానా?

నిజాంపేట_నాన్న | జూన్ 14, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. మా పాపకి నాలుగున్నరేళ్లు. ఆరో నెలలో బుగ్గల మీద ఎర్రగా మొదలై తర్వాత మోచేతి మడతల్లోకీ మోకాళ్ల వెనక్కీ దిగింది. అటోపిక్ డెర్మటైటిస్, అంటే ఎగ్జిమా అన్నారు డాక్టరు గారు. మూడేళ్లు దాటేసరికి బాగా తగ్గి, చలికాలంలో తప్ప కనబడేది కాదు. ఏప్రిల్ చివర్లో కొత్త ఫ్లాట్‌కి గృహప్రవేశం చేశాం. మూడు వారాల్లో మళ్లీ మొదలు. ఈసారి మెడ, కనురెప్పలు కూడా. రాత్రి రెండింటికి లేచి రక్తం వచ్చేలా గోక్కుంటోంది, మాకూ నిద్ర లేదు.

పిల్లల గదిలో గోడ పొడవునా కబోర్డులు చేయించాం. తలుపు తీస్తే ఘాటుగా వాసన, నాకే కళ్లు మండుతున్నాయి. ఇంటీరియర్ చేసినవాళ్లని అడిగితే "కొత్త వాసన సార్, నెలలో పోతుంది" అంటున్నారు, రెండు నెలలు దగ్గరపడింది. పాత ఇంట్లో మంజీరా నీళ్లు వచ్చేవి, ఇక్కడ పూర్తిగా బోరు, బకెట్ల మీద తెల్లటి మచ్చలు కడుతున్నాయి. వాటర్ సాఫ్ట్‌నర్‌కి 85 వేలు, ఎయిర్ ప్యూరిఫయర్‌కి 30 వేలు చెప్పారు. ఈఎంఐ మొదలైన ఇల్లు ఇది, రెండూ కొనలేను. దేనితో మొదలుపెట్టాలి?

మియాపూర్_మహి | జూన్ 15, ఉదయం 7:10

ప్యూరిఫయర్ కొనండి బ్రో, ఆలోచించకండి. మా ఇంట్లో ఉంది, గాలి మస్తు ఫ్రెష్‌గా ఉంటది. దాంతోపాటు స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ నాలుగైదు పెట్టండి, నాసా వాళ్లే చెప్పిన్రు.

ప్లై_శీను | జూన్ 15, ఉదయం 9:34

అన్నా, పద్దెనిమిదేళ్ల నుంచి ఇదే పని నాది. ఉన్న మాట చెప్తా. ముందు ఆ కబోర్డులు ఏ సరుకుతో చేశారో చూడండి. బయట నిగనిగలాడే మైకా అందరికీ ఒకటే, అసలు సంగతి లోపలుంటుంది. హింజ్ బిగించిన చోటో, వైరు కోసం పెట్టిన రంధ్రం దగ్గరో టార్చ్ వేసి చూడండి. పొరలు పొరలుగా కనబడితే ప్లై. రంపపు పొట్టు నొక్కినట్టుంటే పార్టికల్ బోర్డు. గోధుమరంగు అట్టలా నున్నగా ఉంటే ఎండీఎఫ్.

పార్టికల్ బోర్డుకీ ఎండీఎఫ్‌కీ మామూలుగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. చవక, త్వరగా గట్టిపడుతుంది, కానీ గాలిలో తేమ తగిలిన కొద్దీ కొంచెం కొంచెంగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ గ్యాస్ వదులుతూనే ఉంటుంది. వేడీ తేమా ఎక్కువైతే ఇంకా ఎక్కువ వదులుతుంది. అందుకే ఎండాకాలం తలుపులు మూసి ఊరెళ్లి వస్తే ఇల్లంతా ఆ వాసనే. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైలో ఫినాల్ జిగురు వాడతారు, అది నీళ్లకి తట్టుకుంటుంది, గ్యాస్ కూడా చాలా తక్కువ. ఐఎస్ 303లో ఎంఆర్ (తేమకి కొంత తట్టుకునే) రకం మళ్లీ యూరియా జిగురే ఎక్కువ. ఇప్పుడు ఈ1, ఈ0 అని తక్కువ గ్యాస్ వదిలే రకాలు దొరుకుతున్నాయి, అడిగితేనే వేస్తారు.

ఇంకోటి. ముందువైపు మైకా వేసి, గోడవైపూ కింది అంచులూ వదిలేస్తారు, ఎవరూ చూడరని. గ్యాస్ వచ్చేది అక్కడినుంచే. కోసిన అంచుకి ఎడ్జ్ బ్యాండ్ కొట్టకపోతే దాహం వేసినవాడు నీళ్లు తాగినట్టు తేమని తాగేస్తుంది. మేం ఎండీఎఫ్ కోసేటప్పుడు మాకే కళ్లలో నీళ్లు కారతాయి, మీ పాప సంగతి చెప్పాలా.

డెర్మా_పీజీ_కర్నూలు | జూన్ 15, రాత్రి 10:20

ఇప్పుడే డ్యూటీ దిగాను, అక్షరదోషాలుంటే సర్దుకోండి. పాపని చూడకుండా ట్రీట్‌మెంట్ చెప్పను, మీ డాక్టరు గారికి చూపించడం తప్పదు, ముఖ్యంగా కనురెప్పల దగ్గర ఉంది కాబట్టి. ఇల్లు ఎలా కారణమవుతుందో మాత్రం చెప్తాను.

ఎగ్జిమా చర్మాన్ని చెమ్మ పట్టిన గోడ అనుకోండి, కాకపోతే తిరగేసి. లోపలి నీరు బయటికి పోతుంది, బయటి చెత్త లోపలికి వస్తుంది. కొంతమందికి ఇది పుట్టుకతోనే. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో బయటపడింది. అదే సంవత్సరం వచ్చిన ఇంకో చిన్న పరిశోధనలో ఎగ్జిమా ఉన్నవాళ్లని పెయింట్లూ కొత్త ఫర్నిచర్లూ వదిలే ఆవిరుల్లాంటివి కలిపిన గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టి, చర్మం నుంచి నీరు ఎంత పోతుందో కొలిచారు. పెరిగింది. కాబట్టి శీను గారు చెప్పింది గాలి కబురు కాదు. కొరియాలో కూడా కొత్త ఇళ్లు, కొత్త వాల్‌పేపర్, ఫ్లోరింగ్ మార్చిన ఇళ్లలో పిల్లల ఎగ్జిమా మీద చాలా పరిశోధన జరిగింది, సంబంధం కనబడింది.

అయితే సంబంధం కనబడటం వేరు, మీ పాపకి కారణం అదే అనడం వేరు. ఇల్లు మారినప్పుడు ఒక్క ప్లైవుడ్డే మారదు కదా. నీళ్లు, పెయింటు, పరుపు, ఏసీ, దుమ్ము, చుట్టూ ఉన్న మొక్కలు, అన్నీ ఒకేసారి మారాయి. పైగా ఏప్రిల్, మే అంటే చెమట. చెమట ఒక్కటే చాలు మడతల్లో దురద రేపడానికి.

మహి గారూ, ఏమీ అనుకోకండి. నాసా వాళ్ల ఆ ప్రయోగం 1989 నాటిది, మూసేసిన చిన్న పెట్టెల్లో చేసింది. కిటికీలున్న మామూలు ఇంట్లో అంత పని జరగాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు, కొన్ని లెక్కల్లో అయితే వెయ్యి దాకా కావాలని తర్వాత లెక్క తేల్చారు. మనీ ప్లాంట్ అందంగా ఉంటుంది, ఉంచుకోండి. ఇక ప్యూరిఫయర్‌లో హెపా ఫిల్టరు దుమ్మునీ పొగ రేణువులనీ పడుతుంది కానీ గ్యాస్‌ని పట్టదు. ఫార్మాల్డిహైడ్ దర్జాగా అందులోంచి వెళ్లిపోతుంది. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ కిలోల్లో, పైపూత కాదు.

గోదారిపిల్ల | జూన్ 16, ఉదయం 6:48

తమ్ముడూ, ముందు పథ్యం చూసుకోండి. వంకాయ, గోంగూర, చేపలు, ఎండు రొయ్యలు మానేయండి. మా అమ్మమ్మ వేపాకు మరగబెట్టిన నీళ్లతో స్నానం చేయించి సున్నిపిండి రుద్దేది, ఏ క్రీములూ లేవు.

డెర్మా_పీజీ_కర్నూలు | జూన్ 16, మధ్యాహ్నం 2:05

అక్కా, అమ్మమ్మలంటే నాకూ గౌరవమే, కానీ ఎర్రగా ఉన్న చర్మం మీద సున్నిపిండి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. పథ్యం కూడా సొంతంగా పెట్టకండి. చిన్నపిల్లల్లో, ఎగ్జిమా బాగా ఎక్కువగా ఉన్నప్పుడు గుడ్డు, పాలు లాంటివి పడకపోవడం నిజంగానే ఉంటుంది, కానీ అది పరీక్ష చేసి తేల్చాలి. ఊరికే మానిపిస్తే ఎదుగుదల దెబ్బతింటుంది, మళ్లీ పెట్టినప్పుడు అసలైన ఎలర్జీ వచ్చే ప్రమాదం కూడా ఉంది. వంకాయ మీద మనవాళ్లకి ఉన్న కోపం మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

చికాగో_చంద్రం | జూన్ 16, రాత్రి 9:30

మాది రివర్స్ కథ. అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ బాగున్నాడు, 2021లో ఇక్కడికి వచ్చాక మొదటి చలికాలంలోనే ఒళ్లంతా పగుళ్లు. బయట మైనస్ పది, లోపల హీటింగ్, గదిలో తేమ 18 శాతం చూపించేది. దానికి తోడు గోడ నుంచి గోడ దాకా కార్పెట్, ముందున్నవాళ్లకి పిల్లి. తేమ 40 దాకా వచ్చేలా హ్యుమిడిఫయర్ పెట్టాం, పడకగదిలో కార్పెట్ తీయించాం, సగం తగ్గింది. అది చూసి వైజాగ్‌లో మా చెల్లెలు కూడా హ్యుమిడిఫయర్ కొనింది! సముద్రం పక్కన హ్యుమిడిఫయర్ ఏంటమ్మా అంటే, నువ్వేగా చెప్పావు అంటుంది. నెలకి బీరువా వెనక బూజు పట్టింది.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకి ఇంకో గొడవ. 2018 నవంబరులో కార్చిచ్చు పొగ శాన్‌ఫ్రాన్సిస్కో మీద కమ్మేసినప్పుడు ఎగ్జిమా, దురదలతో స్కిన్ క్లినిక్‌లకి వచ్చినవాళ్లు పెరిగారని లెక్కలతో సహా పరిశోధన వచ్చింది. మంట ఎక్కడో 280 కిలోమీటర్ల అవతల. పొగ ఊపిరితిత్తులకే కాదు, చర్మానికీ పడదు.

వైజాగ్_వాణి | జూన్ 17, ఉదయం 11:15

ఆ చెల్లెల్ని నేను కాదు 😀 కానీ మా ఇంట్లో గొడవ కూడా తేమదే. డస్ట్ మైట్లని దుమ్ములో బతికే పురుగులుంటాయి, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, కంటికి కనబడవు. అవి నీళ్లు తాగవు, గాలిలో తేమనే ఒంటికి పట్టించుకుని బతుకుతాయి. తేమ 50 శాతం లోపు ఉంటే ఎండి చస్తాయి. మా ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వాటికి పండగే. మన చర్మం రాల్చే పొట్టు వాటికి భోజనం. మాకు చెప్పిన డాక్టరు గారి మాట ఏంటంటే, వాటి రెట్టలో ఉన్న ఎంజైము చర్మం కణాల మధ్య అతుకుల్ని కొరికేస్తుందట, అంటే ఎలర్జీ లేనివాళ్లకి కూడా కొంత చెడుపే. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే చస్తాయి. మామూలు చన్నీళ్లకి స్నానం చేసినట్టే వాటికి.

డెర్మా_పీజీ_కర్నూలు | జూన్ 17, రాత్రి 11:40

వాణి గారు బాగా చెప్పారు. ఒక్క తిరకాసు. మైట్లు తగ్గించడానికి కవర్లు, వాక్యూమ్‌లు, స్ప్రేలు వాడిన పరిశోధనలన్నీ పోగేసి చూస్తే ఎగ్జిమా మీద లాభం అంత గట్టిగా తేలలేదు. కొందరికి పనిచేస్తుంది, కొందరికి లేదు. కాబట్టి వేలు పోసి స్ప్రేలు కొనకండి, ఉతకడం మాత్రం మానకండి.

సాఫ్ట్‌నర్ సంగతి కూడా చెప్పేస్తా, 85 వేలు కాబట్టి. కఠిన జలం ఉన్న చోట ఎగ్జిమా ఎక్కువన్నది నిజమే. సబ్బుతో కలిసి ఆ కాల్షియం తెల్లటి పొరలా చర్మం మీద అంటుకుపోతుంది. కానీ ఇంగ్లండులో 336 మంది పిల్లల్ని తీసుకుని సగం ఇళ్లలో సాఫ్ట్‌నర్ బిగించి 12 వారాలు చూశారు. 2011లో ఫలితం వచ్చింది: బిగించిన ఇళ్లకీ బిగించని ఇళ్లకీ ఎగ్జిమాలో తేడా లేదు. ఆ డబ్బు దాచుకోండి. బోరు నీళ్లే అయినా సబ్బు తగ్గిస్తే కొంత మేలు, ఎందుకంటే ఆ పొర కట్టేది సబ్బుతో కలిసినప్పుడే.

తాపీమేస్త్రి_కొడుకు | జూన్ 18, ఉదయం 8:22

మా నాన్న చేతులు నలభై ఏళ్లు పగిలే ఉన్నాయి. సిమెంటు పని కదా అని వదిలేశాం. ఉద్యోగం వచ్చాక నేను పట్టుబట్టి ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద అంటించి ఎలర్జీ చూసేది) చేయిస్తే క్రోమేట్ ఎలర్జీ అని తేలింది. సిమెంటులో ఉంటుందట. యూరప్‌లో 2005 నుంచి అది 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు) దాటకూడదని రూలు పెట్టారు. ఇంట్లో ఉండేవాళ్ల గోడు అందరూ రాస్తారు, ఆ ఇల్లు కట్టినోళ్ల చేతులు కూడా గుర్తుంటాయని రాశా.

ప్లై_శీను | జూన్ 18, ఉదయం 9:01

దండం అన్నా. నిజం.

నిజాంపేట_నాన్న | జూన్ 19, రాత్రి 12:15

అందరికీ థ్యాంక్స్. టార్చ్ వేసి చూశా శీను అన్నా, రంపపు పొట్టే. "ప్లై" అని కొటేషన్‌లో రాసి తలుపులకి మాత్రమే ప్లై వేసి, లోపలి అరలన్నీ పార్టికల్ బోర్డు వేశారు. వెనకవైపు ఏమీ లేదు, పచ్చి బోర్డే. కోపంతో చేతులు వణికాయి.

ఇంకొన్ని చెప్పడం మర్చిపోయా. అమ్మ రోజూ సాయంత్రం సాంబ్రాణి వేస్తుంది, దోమలకి కాయిల్ ఉంది, బట్టలకి వాసన వచ్చే కండిషనర్ కొత్తగా మొదలుపెట్టాం. మా అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ ప్లాటు, అందులో నడుమెత్తు పిచ్చిమొక్కలు, తెల్లటి చిన్న పూలు.

గోదారిపిల్ల | జూన్ 19, ఉదయం 6:30

తెల్లటి చిన్న పూలా! అది వయ్యారిభామ తమ్ముడూ. మా పొలం గట్ల మీద దాన్ని పీకిన కూలీలకి మొహాలు వాచిపోయేవి.

డెర్మా_పీజీ_కర్నూలు | జూన్ 19, మధ్యాహ్నం 1:30

అక్క సరిగ్గా పట్టుకున్నారు. పార్థీనియం, 1950ల్లో పుణె దగ్గర మొదట కనబడి దేశమంతా పాకింది. అమెరికా గోధుమలతో వచ్చిందంటారు. దాని ఎండిన ముక్కలు గాలిలో ఎగిరి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో పడతాయి. పెద్దవాళ్లలో అచ్చం ఎగ్జిమాలా ఉంటుంది, మేమే పొరబడతాం. నాలుగేళ్ల పిల్లలో తక్కువే గానీ కనురెప్పలు అన్నారు కాబట్టి మీ డాక్టరు గారికి ఈ మాట చెప్పండి. ప్యాచ్ టెస్ట్ అంటే వీపు మీద 48 గంటలు అంటించి చూసేది. రక్తం తీసి రెండొందల పదార్థాల చార్టు ఇచ్చేది వేరు, దాని జోలికి పోకండి.

కొత్త పెయింటు కూడా లిస్టులో పెట్టుకోండి. నీళ్లతో కలిపే ఎమల్షన్లలో పాడవకుండా ఐసోథయాజోలినోన్లనే మందులు కలుపుతారు. అవి పడనివాళ్లకి రంగు వేసిన గదిలో కూర్చుంటే చాలు మొహం వాస్తుంది, వారాల తరబడి.

ఇప్పుడు పద్ధతి. అన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలీదు. రెండు వారాలకి ఒకటి మార్చండి. పోయెమ్ అని ఏడు ప్రశ్నల స్కోరు ఉంటుంది, గడిచిన వారంలో ఎన్ని రోజులు దురద, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, అలా. మొత్తం 28, స్కోరు ఎంత ఎక్కువైతే ఎగ్జిమా అంత ఎక్కువ. ఆదివారం ఆదివారం రాసుకోండి. పొగలు మాత్రం ఈ రోజే ఆపేయండి, దానికి పరీక్షలు అక్కర్లేదు.

ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పండి. మాయిశ్చరైజర్ నెలకి ఎంత అవుతోంది? మెడికల్ షాపులో ఇచ్చిన మూడు మందులు కలిపిన ట్యూబు ఏమైనా రాస్తున్నారా?

నిజాంపేట_నాన్న | జూన్ 19, రాత్రి 10:44

వంద గ్రాముల ట్యూబు రెండు నెలలు వస్తోంది. డాక్టరు గారిచ్చిన స్టెరాయిడ్ క్రీము భయపడి రెండు రోజులు రాసి ఆపేస్తాం. షాపువాడు ఇచ్చింది... ఒకటి రాశాం. వెంటనే తగ్గింది, మానేస్తే రెట్టింపు అయింది.

డెర్మా_పీజీ_కర్నూలు | జూన్ 19, రాత్రి 11:58

అదీ సంగతి. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది గట్టి స్టెరాయిడ్, మడతల్లో, మొహం మీద అసలు రాయకూడనిది. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, అయినా కౌంటరు మీద చాక్లెట్లలా దొరుకుతున్నాయి. డాక్టరు భయం లేకుండా రాయమన్నది భయపడి ఆపేసి, భయపడాల్సింది భయం లేకుండా రాశారు. మాయిశ్చరైజర్ చిన్నపిల్లలకి వారానికే 250 గ్రాములదాకా పట్టొచ్చు. మీరు రెండు నెలలకి వంద! ఎంత మంచి గాలి ఉన్నా ఆ చర్మం ఏం చేస్తుంది?

మియాపూర్_మహి | జూన్ 20, ఉదయం 7:45

నేనైతే ఇప్పుడే మా ప్యూరిఫయర్ డబ్బా మీద చదివిన. కార్బన్ అని రాసుంది గానీ చేత్తో పట్టుకుంటే అప్పడం అంత ఉంది.

నిజాంపేట_నాన్న | ఆగస్టు 23, రాత్రి 9:20

అప్‌డేట్ అడిగారు చాలామంది, నోట్‌బుక్ చూసి రాస్తున్నా.

జూన్ 21న స్కోరు 21. సాంబ్రాణి, కాయిల్, కండిషనర్ ఆపి, పాప మంచం మా గదిలోకి మార్చాం, పిల్లల గది కిటికీలు పగలంతా బార్లా తెరిచాం. జులై 5కి 17. అప్పుడు డాక్టరు గారి దగ్గరికి వెళ్లి అన్నీ చెప్పుకున్నాం, కాస్త తిట్లు పడ్డాయి. చెప్పినట్టు మందు పూర్తిగా రాశాం, స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే మాయిశ్చరైజర్, రోజుకి రెండుసార్లు, లెక్క చూసుకోకుండా. జులై 19కి 9. రెండు నెలల్లో మొదటిసారి పాప తెల్లారేదాకా పడుకుంది, మేం భయపడి రెండుసార్లు లేచి చూశాం.

ఇక కబోర్డులే దోషి అని తేల్చేద్దామనుకుని, అవి లేని ఇంట్లో ఉంచి చూద్దామని భీమవరం మా అత్తగారింటికి తీసుకెళ్లాం. పాత ఇల్లు, టేకు తలుపులు, సున్నం గోడలు, కాలవ నీళ్లు. ఒక్క ప్లై ముక్క లేదు. పది రోజుల్లో 15! తుడిచిపెట్టుకుపోయింది నా థియరీ. రాత్రిళ్లే ఎక్కువ. ముసురు పట్టి వారం రోజులు ఎండ లేదు, పాపని పడుకోబెట్టింది మా ఆవిడ చిన్నప్పటి బూరుగు దూది పరుపు మీద. తట్టి చూస్తే ధూళి మేఘంలా లేచింది.

వైజాగ్_వాణి | ఆగస్టు 23, రాత్రి 9:41

మైట్ల ఊరేగింపు!! ఆ పరుపుకి దండం పెట్టి పక్కన పెట్టండి.

నిజాంపేట_నాన్న | ఆగస్టు 23, రాత్రి 10:05

పక్కన పెట్టాం, మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు, పెళ్లికి పెట్టిన పరుపట. ఇంటికి వచ్చాక మళ్లీ 8కి దిగింది. పిల్లల గదిలోకి మాత్రం ఇంకా పంపలేదు. శీను అన్నా, ఆ అరలకి వెనకవైపు ఏం చేయించాలి? తీయించే స్థోమత లేదు.

ప్లై_శీను | ఆగస్టు 24, ఉదయం 9:15

తీయక్కర్లేదు అన్నా. కదిలే అరలు బయటికి తీసి అన్ని అంచులకీ ఎడ్జ్ బ్యాండ్ కొట్టించండి, వెనక పచ్చిగా ఉన్నచోట పల్చటి లైనర్ మైకా వేయించండి. హింజ్ రంధ్రాలు, వైరు రంధ్రాలు కూడా మూయించాలి, అవి మర్చిపోతారు. గోడకి బిగించిన వెనక పలక తీయలేకపోతే కనీసం లోపలివైపు సీల్ చేయించండి. పని జరిగే నాలుగు రోజులూ, తర్వాత వాసన పూర్తిగా పోయేదాకా పాప ఆ గది దగ్గరికి రాకూడదు, ఎందుకంటే మైకా అంటించే గమ్ముకి కూడా ఘాటు ఉంటుంది. నీళ్ల గమ్ము వాడమని అడగండి, ఆలస్యమవుతుందని సణుగుతారు, వినకండి. మీ ఏరియాలో నాకు తెలిసినవాడు ఉన్నాడు, మెసేజ్ పెట్టండి.

చికాగో_చంద్రం | ఆగస్టు 24, రాత్రి 8:50

బ్రో, వయ్యారిభామ సంగతి ఏమైంది?

నిజాంపేట_నాన్న | ఆగస్టు 24, రాత్రి 11:10

ప్లాటు ఓనరు ఎక్కడో విదేశాల్లో ఉన్నాడు, అసోసియేషన్ వాళ్లు కోయిస్తామన్నారు, పూత వచ్చి నెలలైంది. పాపకి ప్యాచ్ టెస్ట్ ఇప్పుడే వద్దన్నారు డాక్టరు గారు, కనురెప్పలు తగ్గాయి కాబట్టి. అమ్మ సాంబ్రాణి మాత్రం పూర్తిగా మానలేదు. శుక్రవారం శుక్రవారం బాల్కనీలో తలుపు వేసుకుని వేస్తోంది. ఇప్పుడు పై ఫ్లోరు వాళ్లు వాట్సాప్ గ్రూపులో కంప్లయింటు పెట్టారు.

గోదారిపిల్ల | ఆగస్టు 25, ఉదయం 6:25

పై ఫ్లోరులో చంటిపిల్లలు ఉన్నారేమో కనుక్కోండి తమ్ముడూ.